బూటు కరిచిందనుకున్నాను

ఇది ఒక మహాకావ్యం. ఇందులో యోధుడు, రాక్షసుడు, భీకర యుద్ధం ఉంటాయి. ఇలా మొదలుపెట్టాలని ఉంది గానీ, నిజానికి ఇది నా కుడి పాదం మీద లేచిన ఒక వంకాయరంగు మచ్చ గురించి.

అప్పటికి మా అక్క ఇచ్చిన కిడ్నీ నాలో చేరి ఏడాది దాటింది. ఒళ్ళు దాన్ని పరాయిదని తోసేయకుండా, ఇమ్యూనిటీని తగ్గించే మాత్రలు రోజూ మింగుతూ, మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల భవనంలో కంప్యూటర్లలో 2000 సంవత్సరపు తేదీలు సరిచేసే వై2కే పనికి కుదిరాను. ఆఫీసుకి బూట్లు తప్పనిసరి. కొన్న కొద్దిరోజులకే మేజోడు విప్పితే మచ్చ. నొప్పి లేదు, దురద లేదు.

"బూటు కరిచిందిరా. కొబ్బరినూనె రాయి, ఫికర్ జేయకు," అన్నాడు కొండాపూర్‌లో నా గదిలోనే ఉండే యాదగిరి. రాశాను. మచ్చలు ఇంకో రెండు లేచాయి, ఒకటి మోకాలి కింద. బూటు అంత ఎత్తుకు ఎగిరి కరవదని అప్పుడు తట్టింది.

ఆసుపత్రికి వెళ్తే, మచ్చలోంచి ముక్క తీసి బయాప్సీ చేశారు. రిపోర్టు చూసి కిడ్నీ డాక్టరుగారు "కపోసీ సార్కోమా" అన్నారు. ఫుట్‌బాల్ ఆటగాడి పేరులా ఉందన్నాను. ఆయన నవ్వలేదు.

"అరుదైన స్కిన్ క్యాన్సర్. ఇమ్యూనిటీ తగ్గినవాళ్ళకి వస్తుంది. నీ మాత్రలు తగ్గించాలి. తగ్గిస్తే మచ్చలు పోవచ్చు. కిడ్నీ కూడా పోవచ్చు."

ఆ తర్వాత ఆయన చాలాసేపు మాట్లాడారు. నాకు ఫ్యాను చప్పుడొక్కటే గుర్తుంది. జోకు కోసం వెతికాను, దొరకలేదు. చివరికి, మాత్రలు తగ్గించవద్దని, అది మా అక్క కిడ్నీ అని చెప్పాను.

పక్కనే కూర్చున్న అక్క నా వైపు తిరిగింది. "నేనిచ్చింది నువ్వుండాలనిరా. దాన్ని కాపాడనీకి నువ్వు పోతే, ఇగ నేనెవర్ని తిట్టాలె?"

ఆ మాత్రల్లో ఒకటి ఆపేశారు, ఇంకోటి, సైక్లోస్పోరిన్, తగ్గించారు. మచ్చలు వెలిసిపోవడం మొదలైంది. అంతలో, కిడ్నీ నీరసిస్తే రక్తంలో పెరిగే క్రియాటినిన్ పెరిగింది. రిజెక్షనేమో, ఒళ్ళు కిడ్నీని తోసేస్తోందేమోనని వార్డులో చేర్చుకున్నారు. అక్క రోజూ వచ్చి, రిపోర్టు ముట్టుకోకుండా, దుప్పటి ఎత్తి నా కాలు మాత్రం చూసి వెళ్ళేది. క్రియాటినిన్ పెరిగినచోటే ఆగింది. మళ్ళీ దిగలేదు, ఎక్కలేదు.

ఇప్పుడు మచ్చలున్నచోట టీ మరకల్లాంటివి మిగిలాయి. కిడ్నీ పనిచేస్తోంది. అక్క తిడుతోంది.

కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ళు కొత్త మచ్చ కనిపిస్తే గదిలో స్నేహితుడికి కాదు, డాక్టరుకి చూపించండి. ఇంకోటి, రక్తంలో సైక్లోస్పోరిన్ లెవెల్ చూసేరోజు పొద్దుటి మాత్ర పరీక్షకి రక్తం ఇచ్చాకే వేసుకోవాలి, ముందే మింగితే లెవెల్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.