రెండు పుంగనూరు ఆవులు

ఫ్రాన్సులో వందల ఏళ్లనాటి ద్రాక్షతోట అది. రైతుల బృందంతో వెళ్లాం, నేనూ, మదనపల్లె దగ్గర టమోటా పండించే స్నేహితుడు రెడ్డెప్పా. తోట యజమానురాలు ముసలామె. మాకు వైన్ పోయకముందే పిడికెడు మట్టి తీసి ముక్కుల దగ్గర పెట్టింది. తొలకరి వాసన, మధ్యలో కదులుతున్న వానపాము. ఆ నేల పురుగుమందు ఎరగక ఒక తరం గడిచిందట. ముందురోజు వాన పడిందని మమ్మల్ని సాళ్లలో అడుగే పెట్టనివ్వలేదు. తడి నేలను తొక్కితే బిగుసుకుపోతుందని, ట్రాక్టర్ మానేసి గుర్రంతో దున్నిస్తోందామె.

నాకు కడుపు మండిపోయింది. పుంగనూరు దగ్గర నా చేలో మట్టి తీస్తే మందు డబ్బా వాసన వస్తుంది. అందులో వానపామును చూసి ఎన్నేళ్లయిందో.

"గుర్రం యాలమ్మా? మా పుంగనూరు ఆవును సూడాల నువ్వు. నడుమెత్తు గూడా ఉండదు" అన్నాడు రెడ్డెప్ప గొప్పగా.

మాతో వచ్చిన అమ్మాయి ఆ మాట ఫ్రెంచిలో చెప్పగానే ముసలామె కళ్లు పెద్దవయ్యాయి. "అంత తేలికైన ఆవా! సాళ్ల మధ్య మేసినా మట్టికి బరువే తెలియదు. మీకెన్ని ఉన్నాయి?" అని నన్నే అడిగింది.

"రెండు" అన్నాను.

బస్సెక్కాక రెడ్డెప్ప నిలదీశాడు. "యాడుండాయప్పా నీకు రెండావులు? మీ నాయన ఎప్పుడో అమ్మేసె గదా. యాల అబద్ధం జెప్పినావు?"

పొద్దుటినుంచీ ఆ ముసలామెను చూసి కుళ్లుకుంటున్నాను. ఆ ఒక్క క్షణం ఆమె నన్ను చూసి కుళ్లుకుంది. లేవని చెప్పడానికి నోరు రాలేదు.