మానుకు చెవి ఆనించి

నాకు ఒక్కచోట కాలు నిలవదని మా ఇంట్లో అందరూ అంటారు. ఆ ఎండాకాలమైతే మరీ. చాయ్ సగంలో వదిలేసి తోటకు పోవడం, చెట్ల మొదళ్ళు చూడడం, ఇంటికొచ్చి పొయ్యి మీద ఎసరు పెట్టి మళ్ళీ పోవడం. కల్వకుర్తి రోడ్డు పక్కన మా మామిడి తోట. రాష్ట్రం వచ్చిన ఏడు బాపు నాటిన చెట్లు. వాటికి కాండం తొలిచే పురుగు పట్టింది.

పురుగు మాను లోపల ఉంటుంది. బయట కనిపించేది చిన్న రంధ్రం, దాని కింద రాలిన చెక్కపొట్టు. బాపు సైకిల్ చక్రం పుల్ల కొన వంచి రంధ్రంలోకి పోనిచ్చి పురుగును లాగేవాడు. అందకపోతే పెట్రోల్‌లో ముంచిన దూది కుక్కి, పైన మట్టి మెత్తేవాడు. మర్నాడు మానుకు చెవి ఆనించేవాడు. పురుగు బతికుంటే కొరికే చప్పుడు వస్తుంది. అది వినడంలో ఆయన దిట్ట. పక్క తోటల వాళ్ళు కూడా వచ్చి పిలుచుకుపోయేవారు.

ఆ ఎండాకాలం ఏ చెట్టుకు చెవి ఆనించినా "సప్పుడు లేదు, బాగైంది" అనేవాడు. నాకు మనసు ఊరుకోలేదు. బావి దగ్గరి చెట్టు కింద పొద్దున ఊడ్చిన చోట సాయంత్రానికి మళ్ళీ పొట్టు. నేనూ చెవి పెట్టాను. లోపల కరకర.

టీవీ మోత అంత పెంచుతాడేమని రోజూ బాపును కసురుకునేదాన్ని. ఆయనకు అంత మోత ఎందుకు కావాలో అప్పుడు తట్టింది. చెప్పడానికి నోరు రాలేదు. చెప్పకుంటే చెట్టు పోతుంది. ఇంటికీ తోటకూ కాలుగాలిన పిల్లిలా తిరిగి, చివరికి ఆయన్ని ఆ చెట్టు దగ్గరికి తీసుకుపోయాను.

"బాపూ, గిండ్ల పురుగు ఇంకా కొరుకుతనే ఉంది" అన్నాను గట్టిగా.

"సచ్చిందని నేనంటి గద" అంటూ కళ్ళు మూసుకుని చెవి ఆనించాడు. ఆయన పక్కనే నేనూ ఆనించాను. పురుగు ఆగకుండా కొరుకుతోంది. బాపు తల అడ్డంగా ఊపాడు. నాకు ఏడుపొచ్చింది.

కింది పొట్టు తీసి ఆయన అరచేతిలో పోశాను. ఇంకా తడిగా ఉంది. వేళ్ళతో నలిపి నా ముఖం చూశాడు.

"నీకు ఇనబడ్తాందా?"

"ఇనబడ్తాంది బాపూ."

కోప్పడతాడనుకున్నాను. సైకిల్ పుల్ల నా చేతికిచ్చాడు.

"అన్ని చెట్లకు నువ్వే చెవి పెట్టి సూడు బిడ్డా. మనయే గాదు, పక్కోళ్ల తోటలకు గూడ పోవాలె. ఆళ్ల చెట్లు బాగైనయని గూడ నేనే చెప్పొచ్చిన" అన్నాడు.