మేకపిల్లకు సన్మానం

ఆ రోజుల్లో, అంటే మరీ తాతల కాలమేం కాదు, చేతినిండా ఫోన్లు, ఫోన్ల నిండా యాప్‌లు ఉన్న రోజుల్లోనే, మనిషి దిగులును ఫోన్‌లోని బొమ్మ తీర్చగలదని నేను మనస్ఫూర్తిగా నమ్మేదాన్ని. అప్పుడే చదువు పూర్తయి, వికారాబాద్‌లో ఎరువుల దుకాణం పైన ఉన్న ఆఫీసులో చేరాను. ఆఫీసంటే మా సారు, నేను తమ్ముడూ అని పిలిచే బొమ్మలు గీసే కుర్రాడు, నేను, బుద్ధి పుట్టినప్పుడు తిరిగే ఒక ఫ్యాను. (ఆ ఎరువుల వాసనకు ముక్కు మొద్దుబారి, ఇంటికెళ్తే అమ్మ వేసిన తాలింపు కూడా తెలిసేది కాదు.) నవాబుపేట దగ్గరి మా ఊళ్లో అమ్మ మాత్రం చర్చి దగ్గర కనిపించినవాళ్లందరికీ "మా బిడ్డ కంప్యూటర్ల యాప్‌లు తయారు చేస్తది" అని చెప్పుకునేది. ఆమె ఆ మాట వెనక్కి తీసుకోవాల్సిన రోజు రాకూడదని నా భయం.

మా యాప్ తాండూరు చుట్టుపక్కల కంది రైతుల కోసం. మందు కొట్టారా, పూత ఎలా ఉంది, వాన పడిందా, రోజూ అందులో నొక్కాలి. ఎవరూ నొక్కలేదు. సిటీలో ఒక పెద్ద కంపెనీ దాన్ని కొంటానంది కానీ, పంట కోతకొచ్చేలోగా రైతులు రోజూ తెరుస్తున్నట్టు చూపించాలంది. లేకపోతే మా ఆఫీసుకు తాళమే. ఆ కబురు తెచ్చిన రోజు సారు ముందున్న చాయ్ చల్లారిపోయింది. "ఆటలెక్క ఉండాలెనంట. ఫోన్ల ఒక తోడు ఉండాలెనంట. మనం నొక్కితే అది పెరగాలె, నొక్కకుంటే అలగాలె" అన్నాడు దిగులుగా. చిలుకను పెడదామన్నాను. "చేన్ల కందికాయ తినేదే అది. ఫోన్ మీదికి రాయి ఇసురుతరు" అన్నాడు. నెమలిదీ అదే నేరం. చివరికి మేకపిల్ల ఖాయమైంది.

తమ్ముడు దాన్ని తెల్లగా, చెవులు వేలాడేసి, ఎత్తుకోవాలనిపించేలా గీశాడు. రైతు రోజు పని నొక్కితే మేకపిల్లకు గడ్డి పడుతుంది, ఒక్కో మెట్టూ ఎక్కి పెరుగుతుంది. నొక్కకపోతే డొక్కలు లోపలికి పోయి, యాప్ మూసి ఉన్నా ఫోన్‌లోంచి "మే" అని అరుస్తుంది. (ఆ గొంతు నాదే. రికార్డు చేస్తుంటే కింద యూరియా కొనేవాళ్లు పైకొచ్చి చూసిపోయారు.) ఆకలితో చచ్చిపోయేలా మాత్రం పెట్టలేదు, మనసొప్పలేదు. అన్నిటికన్నా కష్టపడింది చివరి మెట్టు మీద. గెలిచినవాళ్లకు మన దగ్గర ఏం చేస్తాం? సన్మానం. సన్మానమంటే మా సారుకు ప్రాణం, ఎవరికి జరిగినా ముందు వరసలో ఉంటాడు. అందుకే చివరి మెట్టెక్కిన మేక మెడలో బంతిపూల దండ పడుతుంది, నుదుట బొట్టు వస్తుంది, పైనుంచి పన్నీరు కురుస్తుంది. మేక ఆనందంతో ఒళ్లంతా ఒక్కసారి విదిలించుకుంటుంది. (ఆ విదిలింపు కుదరడానికి వీధిలో మేకల వెంట పిచ్చిదానిలా తిరిగాను.) తర్వాత తెర నల్లబడి, కొత్త ఆటకు కొత్త పిల్ల వస్తుంది. మాది చర్చికి వెళ్లే ఇల్లు, ఊరి దేవతల పండగ తంతు నేను దగ్గరి నుంచి చూసింది లేదు. తమ్ముడు సిటీ అపార్ట్‌మెంట్లలో పెరిగినవాడు. సారు ఫోన్ మాట్లాడుతూనే చూసి, బాగుందన్నట్టు తలూపాడు.

మొదట్లో మాకు పట్టపగ్గాల్లేవు. జనం మేకపిల్లలకు పేర్లు పెట్టుకున్నారు, రోజూ నొక్కారు. రోజూ అందరికన్నా ముందు నొక్కేది బషీరాబాద్ వైపు పల్లెలో ఒక అవ్వ. మేం ఆమెను ఫస్ట్ అవ్వ అనుకునేవాళ్లం. తీరా కోతలు దగ్గరపడే వేళకు, ఒకరిద్దరు సన్మానం దాకా వెళ్లారో లేదో, మిగతావాళ్లంతా సరిగ్గా చివరి మెట్టు కింద ఆగిపోయి, యాప్ తెరవడం మానేశారు. మొదట ఆగింది ఫస్ట్ అవ్వే. "జర పోయి చూసి రా తల్లీ. నాకు రాత్రి నిద్ర పడ్తలేదు" అని సారు నన్ను పంపించాడు.

రైల్లో తాండూరు, అక్కడి నుంచి షేర్ ఆటోలో బషీరాబాద్ దారి. మబ్బు పట్టిన రోజు. ఆటోలో సగం మంది కన్నడం, సగం మంది తెలుగు మాట్లాడుతున్నారు, నా గుండె మాత్రం ఏ భాషలోనూ కుదురుగా లేదు. అవ్వ గడపలో కూర్చుని కందులు చెరుగుతోంది. పక్కన ఒక గంప బోర్లించి ఉంది. దాని కిందనుంచి, నా సొంత గొంతు, "మే" అంది.

"యాప్ తెరుస్తలేవేందవ్వా? ఏమన్న ఖరాబైందా?" అన్నాను.

"ఖరాబు కాలే బిడ్డా. ఇంకొక్కసారి గడ్డేస్తే మా రాజుగానికి దండేస్తరు గద?"

"అవునవ్వా, సన్మానం!"

అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "దండేసి, బొట్టు వెట్టి, నీళ్లు జల్లితే ఒళ్లు ఇదిలిచ్చిందంటే ఏందో ఎర్క లేదా? మైసమ్మ ఒప్పుకున్నట్టు. ఇంక కోసుడే. పక్కింటోనిది గట్లనే అయింది. ఒళ్లు ఇదిలిచ్చింది, అంత చీకటైంది, మల్ల జూస్తే ఇంకో పిల్ల."

గోడ అవతలి నుంచి ఆ పక్కింటాయన తల పైకి లేచింది. "కోసిండ్రు సరే, ముక్కలేవి మేడమ్? అల్లుని గూడ పిలిచిన!"

నాకు నవ్వొచ్చింది. అవ్వకు రాలేదు. "మా ఆయన కాలం జేసిన ఏడు ఒక మేకపిల్లకు సీసతోటి పాలు వట్టి సాదిన. నా కొంగు వట్టుకొనే తిరిగేది. మొక్కున్న పిల్ల, ఇయ్యక తప్పదాయె. నీళ్లు జల్లితే నా మొకమే జూసుకుంట ఇదిలిచ్చింది. మల్ల జన్మల సాదొద్దనుకున్న. మీరే దెచ్చి చేతుల వెట్టిండ్రు" అంది. గంప కింద మళ్లీ అరుపు. అవ్వ చేట ఆపి అటు చూసింది. "ఆకలైతుంది, ఎర్కే. ఒర్రనీ. బతికైతే ఉంటడు."

"అది ఉత్త బొమ్మనే అవ్వా" అన్నాను.

"మరి బొమ్మకు ఆకలెందుకు వెట్టిండ్రు?"

తిరుగు దారిలో, ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఎన్ని గంపల కింద, ఎన్ని దిండ్ల కింద నా గొంతు అరుస్తోందో తలుచుకుంటే ఏడుపొచ్చింది. సారుకు చెప్తే నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "అయ్యో, మొన్న మైసమ్మ పండగకు కోస్తుంటె మా యాటను పట్టుకున్నదే నేను గదనే! ఎట్ల తట్టలే?" దండ తీసేశామని అందరికీ చెప్పాం. ఎవరూ నమ్మలేదు. పెద్ద కంపెనీ వద్దంది. ఆఫీసుకు తాళం పడింది. చర్చి దగ్గర ఎవరైనా నా ఉద్యోగం సంగతి అడిగితే అమ్మ వాన గురించి మాట్లాడేది.

తాళం పడే ముందు, ఎవరూ అడగని పని ఒకటి చేశాను. యాప్‌లోంచి చివరి మెట్టు తీసేశాను, ఆకలి తీసేశాను. మా ఆఫీసున్నా లేకున్నా ఆ మేక ఫోన్‌లోనే బతికేలా మార్చి పంపాను. కొన్నాళ్లకు అవ్వ ఫోన్ చేసింది. "ఒర్రుతలేడు బిడ్డా. పండుకొని నెమరేస్తుండు. గంప తీసిన."

ఇప్పుడు సిటీలో పెద్ద ఆఫీసులో పని చేస్తున్నాను. ఈ మధ్య బాగా పనిచేశానని నాకు సన్మానం చేశారు. నాకన్నా ముందు ఆ సన్మానం అందుకున్నాయన కుర్చీలో ఇప్పుడు ఎవరో కొత్త పిల్ల కూర్చుంటోంది. మెడలో దండ పడింది, నుదుట బొట్టు పెట్టారు, పన్నీరు చల్లారు. చల్లటి చుక్కలు మెడ మీద పడగానే ఒళ్లంతా జలదరించబోయింది. ఫస్ట్ అవ్వ గుర్తొచ్చింది. పళ్లు బిగబట్టి, ఎక్కడా కదలకుండా నిలబడ్డాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఫొటోలో నా మొహంలో నవ్వు కూడా ఉంది.