పూజలో పెట్టిన ఫ్లాపీ

సన్యాసిరాజు చదివింది ఏడో తరగతి. పదేళ్లు పడవ మీద నిలబడి, తాడుకు సీసపు గుండు కట్టి సముద్రం లోతు కొలిచాడు. 1986లో రేవు సర్వే ఆఫీసుకు కంప్యూటర్ వస్తే, ఒక్కో ఆదేశం కొట్టి చూసుకుంటూ లోతుల పటం గీసే ప్రోగ్రామ్ నడపడం తనంతట తనే నేర్చుకున్నాడు.

దసరా మర్నాడు అతను వచ్చేసరికి టేబుల్ మీద కొత్త పటం ఉంది. మధ్యాహ్నం ఓడను లోపలికి తెచ్చే పైలట్‌కు అది ఇవ్వాలి. ఓడలొచ్చే కాలువ మొగలో లోతు పది మీటర్లని ఉంది. ఇసుక మేటేసి అక్కడ ఎనిమిదే ఉందని పోయిన వారం కొలిచి తేల్చింది సన్యాసిరాజే.

"ఏటి సార్ ఇది? ఎవలు తీసేరు?"

"నేనే," అన్నాడు ఇంజనీరు గురునాథరావు. "నీ కొత్త కొలతల ఫ్లాపీ ఆయుధపూజలో ఉంది. ఉద్వాసన చెప్పందే కదపకూడదు కదా. అందుకని ఫైలు ఎక్కడుందో చెప్పే పాత్ మార్చి, మెషీన్ లోపలి డిస్క్‌లో ఉన్నది తీసుకోమన్నాను."

"లోపలున్నవి నిరుటి లోతులు! ఫ్లాపీ ముడితే అమ్మోరికి కోపమొస్తాది గానీ, ఓడ ఇసకలో కూరుకుపోతే రాదేటి?"

"గొంతు తగ్గించు. హైదరాబాద్‌లో ట్రైనింగైనవాణ్ణి నేను."

"పాత్ ఎటు పోతందో సూసుకోమని అక్కడ సెప్పలేదేటి?"

సన్యాసిరాజు పటాన్ని రెండుగా చింపేశాడు. ఆఫీసు మూల పూజలో ఉన్న అమ్మవారికి దణ్ణం పెట్టి ఫ్లాపీ తీశాడు, కవరు మీది కుంకుమ దులిపి మెషీన్‌లో పెట్టాడు. ఫ్లాపీలోని ఫైలుకు పాత్ కొట్టాడు గానీ ఎంటర్ నొక్కలేదు.

"సదవండి సార్. పైకి."

ఆఫీసంతా చూస్తుండగా గురునాథరావు తెర మీది పాత్‌ను ఒక్కో అక్షరమే చదివాడు. అప్పుడు నొక్కాడు సన్యాసిరాజు. ఎనిమిది మీటర్లని అచ్చయిన పటాన్ని ఎవరి చేతికీ ఇవ్వకుండా తనే పైలట్ దగ్గరికి పట్టుకెళ్లాడు.