ముక్కుకి నిమ్మకాయ కట్టిన విమానం

ఇవాళ మన దీవిలోని ఫీనిక్స్‌లో నా కొత్త కారు ముందు వేలాడుతున్న నిమ్మకాయను చూసి ఓ కుర్రాడు నవ్వాడు. నవ్వనీ. మన ఈడువాళ్ళు చెప్పండి, మన ఇళ్ళలో కొత్త సైకిలునైనా నిమ్మకాయ కట్టకుండా వీధిలోకి తెచ్చామా?

మన దీవికి స్వాతంత్ర్యం రాకముందు మాట. మా నాన్న నెలల తరబడి వంటగది బల్ల మీద తేలికపాటి చెక్కతో, రేడియోతో నడిపే చిన్న విమానం కట్టాడు. ఇల్లంతా జిగురు వాసన, వార్నిష్ వాసన. బల్ల విమానానిది, మా అన్నాలు నేల మీద. మొదటిసారి ఎగరేసే రోజు అందరం మహేబోర్గ్ దగ్గర చెరుకు కొట్టేసిన పొలానికి వెళ్ళాం. అవ్వ దాని ముక్కు కింద నిమ్మకాయ కట్టింది.

అక్కడ తన విమానం ఎగరేసుకుంటున్న ఎస్టేటు దొర పగలబడి నవ్వాడు. “తీర్ సా! తీసెయ్! ముక్కు బరువెక్కి నేలకి గుద్దుకుంటుంది.”

బరువు మాట నిజమే. నాన్న రెక్కల కింద వేళ్ళు పెట్టి ఎత్తితే విమానం ముందుకి వాలిపోయింది.

“మా అమ్మ కట్టింది, మిస్యే. ఉంటాది,” అన్నాడు నాన్న. తూకం కోసం ముక్కులో తనే బిగించిన సీసం ముక్కను ఊడదీసి జేబులో వేసుకున్నాడు. మళ్ళీ ఎత్తితే విమానం సమంగా నిలిచింది.

ఎగిరింది! చెరుకు తోటల మీద చుట్టు తిరిగి, నాన్న చేతిలోని రేడియో పెట్టె చెప్పినట్టే విని, నిమ్మకాయతో సహా మా ముందు దిగింది.

నాన్న ఆ సీసం ముక్క తీసి దొర చేతిలో పెట్టాడు. “మీరే ఉంచుకోండి, మిస్యే. మాకు అక్కర్లేదు.”

నా కారు నిమ్మకాయ కూడా ఉంటాది.