పళ్ళ సెట్ల ఆయన, రెండు తాబేళ్ళు

ఆ, పళ్ళ సెట్టు దగ్గర కదా నిన్న ఆపేశాను! ఫోను మోగిందని లేచి వెళ్ళాను, అంతే, ఆ తర్వాత మీకు మొహం చూపించడానికే కుదరలేదు. ఆ ఫోను సంగతి చివర్లో చెప్తాను. ముప్పై నాలుగేళ్ళు పాఠాలు చెప్పిన నోరు నాది, మధ్యలో ఆపితే అజీర్తి చేస్తుంది. కూర్చోండి.

నా పై పళ్ళ సెట్టు చేసినాయన మా వీధి చివర ఉంటాడు. డాక్టరు కాదు. డాక్టర్లు నోట్లో కొలత తీసి పంపిస్తే, ఆ కొలతకి పళ్ళు తయారుచేసి ఇచ్చే మనిషి. వీధిలో అందరూ దవడాయన అంటారు. మనం మాట్లాడుతుంటే మన కళ్ళలోకి చూడడు, దవడకేసి చూస్తాడు. మొట్టమొదట నాతో అన్న మాటేంటో తెలుసా?

"టీచరుగారూ, మీరు ఎడంవైపే నములుతారు కదూ?"

నాకు నవ్వాగలేదు. నవ్వితే మరీ దగ్గరికొచ్చి చూశాడు. నాకన్నా ఆరేళ్ళు చిన్నవాడు కాబట్టి తమ్ముడూ అంటాను. వాళ్ళావిడ నన్ను అక్కా అంటుంది.

వాళ్ళ ముందుగదే ఆయన పనిగది. కిటికీ కింద పొడుగాటి బల్ల, దానిమీద ప్లాస్టరుతో పోసిన తెల్లటి దవడలు వరసగా ఉంటాయి. ఒక్కోదాని కింద పెన్సిలుతో నంబరు. నోళ్ళు తెరుచుకుని కూర్చున్న క్లాసులా ఉంటుంది. ఎప్పుడెళ్ళినా నాకు హాజరు పిలవాలనిపిస్తుంది. ఓ మూల మైనం కరిగించే చిన్న దీపం, ఇంకో మూల సెట్లకి మెరుగు పెట్టే చక్రం. ఆ చక్రం కిందే, చల్లగా ఉండే చోట, గిన్నె ఉంటుంది.

గిన్నె అంటే తాబేలు. పంతొమ్మిదేళ్ళ కిందట ఓ లారీ డ్రైవరు సెట్టు చేయించుకోవడానికి వచ్చాడట. చేతిసంచిలో తాబేలు పిల్ల. "అన్నా, ఊళ్ళు తిరిగేవాణ్ణి, దీన్ని కాస్త చూస్తుండు. సెట్టు తీసుకోడానికి వచ్చినప్పుడు దీన్నీ తీసుకుపోతా" అన్నాడు. ప్లాస్టరు కలిపే రబ్బరు గిన్నెలో నీళ్ళు పోసి దాన్ని అందులో వేశాడు ఈయన. అదే పేరైపోయింది. డ్రైవరు మళ్ళీ రాలేదు. ఆయన సెట్టు ఇప్పటికీ అలమరలో, చీటీ అంటించిన డబ్బాలో ఉంది. గిన్నెకి మాత్రం ఇప్పుడు పెద్ద ప్లాస్టిక్ తొట్టి కూడా చాలడంలేదు. ఆయన చెప్పుల చప్పుడు వింటే చాలు, మెడ సాగదీస్తుంది. నేనెళ్తే లోపలికి లాక్కుంటుంది. పాత టీచర్ని చూస్తే పిల్లలూ అంతే లెండి.

వాళ్ళావిడ అంటూ ఉంటుంది, "నాతో నాలుగు మాటలు మాట్లాడరక్కా. దానితో మాత్రం పొద్దున్నే రోజూ, ఏమ్మా నిద్ర పట్టిందా అని."

"అది ఎదురు చెప్పదుగా" అంటాడు ఆయన, చక్రం ఆపకుండానే.

ఇక రెండో తాబేలు కథ. మా వీధి వెనక కాలవుంది. కాలవకీ నీళ్ళ ట్యాంకు వెనకున్న ఇసక స్థలానికీ మధ్య మూడేళ్ళ కిందట వెడల్పు రోడ్డు వేశారు. రెండేళ్ళ కిందట ఆ రోడ్డు మీద ఓ కాలవ తాబేలు మీదనుంచి స్కూటరు పోయింది. డిప్ప పగిలింది. ఎవరో తెచ్చి ఈయన గుమ్మంలో పెట్టారు. మరి తాబేలుని పెంచేవాడు వీధిలో ఈయనొక్కడే కదా!

ఆయన పుండు కడిగి, పది రోజులు ఆరనిచ్చి, పగులు మీద వంతెనలా అతుకు వేశాడు. దేంతో అనుకున్నారు? పళ్ళ సెట్టుకి చిగుళ్ళు చేస్తారే, ఆ గులాబీరంగు పొడి, ద్రవం కలిపి! ఆపైన అలవాటు చొప్పున చక్రంమీద మెరుగు కూడా పెట్టాడు. నా చిగుళ్ళదీ, ఆ తాబేలమ్మ వీపుదీ ఒకే రంగు. ఒకే డబ్బాలోది. నేను ఎంత మురిసిపోయానో చెప్పలేను.

మూడు నెలలుంచుకుని కాలవలో వదిలేశాడు. మళ్ళీ బండికింద పడుతుందేమోనని బెంగ. "టీచరుగారూ, మీ చేతిరాత ముత్యాల్లా ఉంటుంది, ఓ బోర్డు రాసిపెట్టండి" అన్నాడు. రాశాను. 'గులాబీ మచ్చ ఉన్న తాబేలు రోడ్డుమీద కనిపిస్తే దయచేసి కాలవలో వదలండి.' దయచేసి కింద గీత కూడా గీశాను. ఆయన దాన్ని గుమ్మం పక్క గోడకి తగిలించాడు.

వీధంతా పాటించింది. ఎండకి తళతళలాడే గులాబీ మచ్చ, ఎంత దూరానికైనా కనిపిస్తుంది. క్షవరం షాపు ఆయన కత్తెర పక్కన పెట్టి మరీ పరిగెత్తేవాడు. పాల బూత్ అమ్మాయి ఫొటోలు తీసి వీధి గ్రూపులో పెట్టేది. నేను పొద్దున్న నడకకి వెళ్ళినప్పుడు మూడుసార్లు ఎత్తుకెళ్ళి కాలవలో దింపి, "బుద్ధిగా ఉండు" అని చెప్పి మరీ వచ్చాను. ఇదంతా ఈ నెలలోనే. ఇన్నిసార్లు ఎందుకొస్తోందని మాలో ఒక్కరికీ తట్టలేదు.

మొన్న బుధవారం క్షవరం షాపు ఆయన తువ్వాల్లో చుట్టుకుని తెచ్చాడు. "దవడన్నా, ఇదివరకట్లా గింజుకోవడంలేదు. ఏదో తేడాగా ఉంది." నేనక్కడే ఉన్నాను, సెట్టు వదులైందని వెళ్ళాను. తాబేలు మెడ వాల్చేసింది. వెనక కాళ్ళ గోళ్ళు అరిగిపోయి, మధ్యలో మట్టి ఇరుక్కుపోయి ఉంది. ఆయన దాన్ని నేలమీద పెట్టాడు. అది వెనక కాళ్ళతో సిమెంటు గచ్చుని గీరడం మొదలుపెట్టింది. గీకి గీకి ఆగింది. మళ్ళీ గీకింది.

లోపల్నించి వాళ్ళావిడ వచ్చి చూసింది. వంగి దాని గోళ్ళ మధ్య మట్టి చూసింది. తర్వాత అంది, "అది కాలవలోంచి ఎటు పోతోందో ఎవరైనా చూశారా?"

"ట్యాంకు వైపు" అన్నాడు షాపు ఆయన.

"అక్కడేముంది? ఇసక. అది గుడ్లు పెట్టడానికి పోతోంది. నొప్పులొచ్చి ఆస్పత్రికి బయల్దేరినదాన్ని, గేటు దగ్గర పట్టుకుని, తీసుకొచ్చి ఇంట్లో దింపుతున్నారు మీరంతా."

నాకు తల కొట్టేసినట్టయింది. దవడాయన లేచి, గోడమీద బోర్డు తీసి, రాత లోపలికి తిప్పి బల్లకి ఆనించాడు. నాకేసి చూడలేదు. నా దవడకేసి కూడా చూడలేదు.

అప్పటికప్పుడు ఇసక స్థలానికి తీసుకెళ్ళాం. పెట్టిన చోటే కూర్చుంది. రెండు గంటలు గొడుగు పట్టుకుని నిలబడ్డాను. కదల్లేదు. ఇంటికి తెచ్చి, తొట్టిలో తడి ఇసక పోసి ఉంచాం. రెండుసార్లు గుంట తవ్వబోయి మానేసింది. దోసకాయ ముక్క పెడితే వాసన కూడా చూడలేదు.

గురువారం ఈయన, లోపల ఏముందో ఎక్స్‌రే తీయిద్దామని, తను పళ్ళు చేసిచ్చే డాక్టరుగారి దగ్గరికి పట్టుకెళ్ళాడు. నేనూ తోడెళ్ళాను. పంటి ఎక్స్‌రే ఫిలిం ఎంతుంటుంది, తపాలాబిళ్ళ కన్నా కాస్త పెద్దది.

"ఏమయ్యా, నేను పళ్ళకి డాక్టర్ని. దీనికి పళ్ళే లేవు" అన్నాడు డాక్టరు.

"పళ్ళు లేనివాళ్ళేగా సార్ మన దగ్గరికొచ్చేది" అన్నాడు ఈయన. నవ్వించాలని కాదు, బతిమాలుతూ.

ఎనిమిది ఫిలింలు తీశారు. అద్దంమీద ముక్కకి ముక్క పేర్చితే మసగ్గా, కోలగా, తెల్లగా గుడ్లు. ఏడు లెక్కపెట్టాం. ఒకటి మిగతావాటికన్నా పెద్దది, దారికి అడ్డంగా ఉంది.

శుక్రవారం పశువుల డాక్టరు. ఆయన మంచివాడే, దాపరికం లేకుండా చెప్పాడు. "దీనికి సూదిమందు ఉంది. ఎంత ఇవ్వాలో నాకు తెలీదు. ఎక్కువైతే లోపలే గుడ్డు పగిలి చస్తుంది. అటవీ శాఖ ఆఫీసులో తాబేళ్ళు చూసే డాక్టరుంది, ఆవిడ చెయ్యాలి. మూడు నాలుగు రోజులు దాటనివ్వకండి." ఆఫీసు నంబరు చీటీ మీద రాసిచ్చి, గొంతు తగ్గించి అడిగాడు. "ఇంట్లో ఇంకోటి ఉందని విన్నాను. దానికి అనుమతి కాయితం ఉందా? లేకపోతే వాళ్ళు పట్టుకుపోతారు."

కాయితం! డ్రైవరు సెట్టు డబ్బా మీద అంటించిన చీటీ తప్ప ఏముంది?

నిన్న మోగిన ఫోను వాళ్ళావిడదే. "అక్కా, ఒకసారి రండి. ఈయన ఫోను చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నారు."

వెళ్ళాను. ఆఫీసుకి చేశాడట. అవతలి మనిషి మర్యాదగానే మాట్లాడాడట. అడ్రసు అడిగాడు, తాబేలు ఎలా ఉందో అడిగాడు. ఆపైన, "మీ దగ్గర మొత్తం ఎన్ని ఉన్నాయండీ?" అన్నాడట.

"ఏం చెప్పావు తమ్ముడూ?"

"కట్ చేశాను."

ఓ పావుగంట తర్వాత గుండె చిక్కబట్టుకుని మళ్ళీ చేస్తే ఎవరూ ఎత్తలేదు. శనివారం ఒంటిగంటకే మూసేస్తారట. ఇక సోమవారం పదింటికే.

ఈరోజు ఆదివారం. పొద్దుట్నుంచీ అక్కడే ఉండి, స్నానానికని ఇప్పుడే వచ్చాను. ఇసక తొట్టి పక్కన ఆయన, చక్రం కింద గిన్నె, మధ్యలో నేను. ఏమీ చెయ్యడానికి లేదు. ఏదో ఒకటి చేసినట్టుంటుందని వాళ్ళావిడ ఇసకమీద గంటకోసారి నీళ్ళు చల్లుతోంది. నేను నోరు మూసుకుని కూర్చున్నాను. నా సంగతి మీకు తెలుసు కదా, ఎంత కష్టమో ఊహించుకోండి. మధ్యలో ఒక్కసారి ఆగలేక, "ఒకటే ఉందని చెబుదాం. గిన్నెని మా ఇంట్లో మంచం కింద దాస్తాను" అన్నాను.

"ఇల్లు చూడకుండా వాళ్ళు ఊరుకోరు. అయినా నేను అబద్ధం చెబితే మా ఆవిడ మొహంలో తెలిసిపోతుంది" అన్నాడు.

"నా మొహం మీదికి తోస్తారేం? మీ మొహంలోనే తెలుస్తుంది" అంది వాళ్ళావిడ. నవ్వబోయి ఆపుకుంది.

తర్వాత చాలాసేపటికి ఆయన గిన్నెని ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. డిప్పమీద పడ్డ ప్లాస్టరు దుమ్ము తుడిచాడు. "వాళ్ళు తీసుకెళ్ళి ఉంచే చోట చెరువుందట. వీటిలాంటివి చాలా ఉన్నాయట" అన్నాడు. ఎవరు చెప్పారని నేను అడగలేదు. గిన్నె చెరువంటే ఎరగదు. ఈ గది, ఈ తొట్టి, ఈయన చెప్పులు, అదే దాని లోకం.

"టీచరుగారూ, నావల్ల కాదు. ఆ ప్రశ్న దగ్గర మళ్ళీ కట్ చేసేస్తాను. మీరు చెయ్యండి. ఎన్ని అని అడిగితే, రెండు అని చెప్పండి."

నంబరు చీటీ నా చేతిలో పెట్టాడు. కళ్ళద్దాల డబ్బాలో దాచాను. రేపు పొద్దున్నే పోయి, పదయ్యేదాకా ఆ తొట్టి పక్కన కూర్చుంటాను. అప్పటికి ఆ తాబేలమ్మ ప్రాణంతో ఉంటే చాలు. సెట్టు బిగించుకుని, మాట తడబడకుండా, పదింటికి ఫోను చేస్తాను. రెండు అనే చెప్తాను.