పెద్దోడి సుడి

మా మరిదికి మనుషుల మొహాలంటే విసుగు. ఫోటో స్టూడియో పెట్టుకుని బతికేవాడికి మొహాలంటే విసుగేమిటి, విడ్డూరం కాకపోతే! ఆ మాటే ఒకసారి అతన్ని అడిగేశాను. "రోజంతా అవే కదా వదినా! గడ్డం పైకెత్తు, చెవులు కనపడనీ, నవ్వకు, కదలకు. సాయంత్రానికి అందరూ ఒకే మనిషిలా కనపడతారు," అన్నాడు. అందుకని స్టూడియో షట్టరు దించగానే కెమెరా మెళ్ళో వేసుకుని, సుళ్ళు తిరిగిన వస్తువుల కోసం ఊరి మీద పడేవాడు.

సుళ్ళంటే ఏవో పెద్ద వింతలనుకునేరు. నత్తగుల్ల, పాదు తీగ చివర చుట్టుకున్న నులి, పొద్దుతిరుగుడు పువ్వు నడిమి గింజలు, బక్కెట్టు కుమ్మరిస్తే నీళ్ళు తూములోకి దిగేటప్పుడు తిరిగే తిరుగుడు. ఒకరోజు కూర కోసం క్యాబేజీ రెండు చెక్కలు చేశాను. లోపలి మడతలు చూడగానే మా మరిది కళ్ళు ఇంతలయ్యాయి. ఒక చెక్క పట్టుకుని కిటికీ దగ్గరికి పరుగు. పొయ్యి మీద నూనె కాగి పొగలొస్తోంది. "ఏమయ్యా, ఫోటో కడుపు నింపుతుందా? ఇటు తే!" అని నేను. "ఒక్క నిమిషం వదినా, వెలుగు ఇప్పుడే కుదిరింది," అని అతను. చివరికి మిగిలిన సగంతోనే కూర అయిందనిపించాను. ఫోటో మాత్రం బాగుంది. ఆ మాట అతనితో నేనెప్పుడూ అనలేదు.

ఆకాశాన్నీ వదల్లేదు మహానుభావుడు. చుక్కలు సుడి తిరుగుతాయేమోనని డాబా మీద కెమెరా బిగించి, దాని కన్ను తెల్లారేదాకా తెరిచే ఉంచాడు. ఫోటో కడిగి చూస్తే విరిగిన చేతిగాజుల ముక్కల్లా వంపులొచ్చాయి. "గుండ్రంగా తిరిగాయి గానీ వదినా, సుడి పడలేదు," అని మొహం వేలాడేశాడు. తర్వాతెప్పుడో కాలేజీ వాళ్ళ టెలిస్కోపుకి కెమెరా తగిలించి, కోట్ల నక్షత్రాలు సుడి తిరుగుతున్నాయంటూ ఒక ఫోటో తెచ్చాడు. నాకైతే అద్దం మీద ఎవరో తుమ్మినట్టే ఉంది.

ఊరంతా ఫోన్లతో ఫోటోలు తీసుకుంటున్నా అతను రీలు వదల్లేదు. ఆ పాత కెమెరా కడుపు దగ్గర పట్టుకుని పైనుంచి తొంగిచూసేది. దాని అద్దంలో కుడి ఎడమగా, ఎడమ కుడిగా కనపడుతుంది. ఏళ్ళ తరబడి అందులోకి చూసి చూసి మా మరిదికి కుడీ ఎడమా కలిసిపోయాయి. ఆటో ఎక్కి అతను ఎడమకి తిప్పమన్నాడంటే, మనం కుడివైపు సందులో దిగాలన్నమాట. పెళ్ళి కూడా చేసుకోలేదు. సంబంధం చూసి వద్దామంటే, పిల్ల వాళ్ళింటి మెట్లెలా ఉంటాయని అడిగే మనిషికి పిల్లనెవరిస్తారు?

ఇక నా పిల్లల సంగతి చెప్పాలి. నాకు కవలలు. ఇద్దరూ మగపిల్లలే, అచ్చు గుద్దినట్టు ఒకేలా పుట్టారు. పోల్చుకోవడానికని ఆస్పత్రిలో ముందు పుట్టినవాడి కాలికి గుడ్డ పట్టీ కట్టారు. చూడ్డానికొచ్చిన మా మరిది పిల్లల మొహాలు తీస్తాడని మేమందరం ఎదురుచూస్తుంటే, పట్టీ ఉన్నవాణ్ణి బోర్లా తిప్పించి నడినెత్తి మీది సుడి తీశాడు. రెండోవాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడని వాడి జోలికే పోలేదు. "మొహం లేనట్టు వెనకనుంచి ఫోటో ఏంట్రా నీ మొహం!" అని మా అత్తగారు తిట్టిపోశారు. అతను నవ్వి ఊరుకుని, ఫోటో కడిగి తెచ్చి, వెనకాల 'పెద్దోడి సుడి' అని రాసిచ్చి వెళ్ళాడు.

ఇంటికొచ్చిన కొన్నాళ్ళకి అత్తగారు ఇద్దరికీ స్నానం చేయించి చెరో తువ్వాల్లో పడుకోబెట్టారు. చూస్తే పట్టీ తొట్టి నీళ్ళలో తేలుతోంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అత్తగారు వీడంటారు, మా ఆయన వాడంటారు. కన్నతల్లిని, నాకు తెలియొద్దూ? తెలియలేదు. ఇద్దర్నీ చెరో చేతిలో పెట్టుకుని భోరున ఏడ్చాను. అప్పుడు గుర్తొచ్చింది ఫోటో. ఇద్దరి తలలూ వంచి చూశాం. ఒకడి సుడి గడియారం ముల్లులా కుడికి తిరిగింది, ఇంకొకడిది ఎడమకి. ఫోటోలో ఉన్నది ఎడమకి. ఇంకేం, ఎడమ సుడివాడే పెద్దోడని తేలిపోయింది. సాయంత్రం మా మరిది గుమ్మంలో కనపడితే చేతులెత్తి దణ్ణం పెట్టాను. ఎందుకో కూడా అడక్కుండా సిగ్గుపడి వెళ్ళిపోయాడు.

మా ఆయనది మోటార్ వైండింగ్ షాపు. కాలిపోయిన మోటార్లలోంచి పాత రాగితీగ పీకేసి, కొత్తగా కాయిల్ చుట్టి ఇచ్చేవారు. పిల్లలు కాలేజీలో చేరే ఏడే ఆయన పోయారు. చదువులో ఇద్దరూ ఇద్దరే. కానీ ఒకడు షాపులో కూర్చోకపోతే ఇల్లు గడవదు. "పెద్దాడివి నాన్నా, నువ్వే చూసుకోవాలి," అన్నాను. పెద్దోడు మారుమాట్లాడకుండా పుస్తకాలు అటకెక్కించి షాపు తాళాలు తీసుకున్నాడు. చిన్నోడు జంతుశాస్త్రం చదివి ఇప్పుడు కాలేజీలో పాఠాలు చెబుతున్నాడు.

ఈమధ్య ఆ చిన్నోడే పూనుకుని వాళ్ళ బాబాయి ఫోటోలన్నీ లైబ్రరీ హాల్లో గోడకి పెట్టించాడు. నేనూ వెళ్ళాను. క్యాబేజీ అంత పెద్దదై గోడెక్కి కూర్చుంది. చిన్నోడు నత్త ఫోటో ముందు ఆగి, మొహం దగ్గరగా పెట్టి, ఒక్క కేక పెట్టాడు.

"బాబాయ్! ఈ నత్త ఎక్కడ దొరికింది నీకు? గుల్ల ఎడమకి తిరిగింది! ఈ జాతిలో ఎంత వెతికినా ఇలాంటిది కనపడదు."

మా మరిది నసిగాడు. "మామూలు నత్తేరా అది. నేనే నెగెటివ్ తిరగేసి ప్రింటు వేశాను."

"ఎందుకు?"

"మెట్ల కోసం."

నత్తకీ మెట్లకీ ఏం సంబంధమో నా బుర్రకెక్కడానికి కాసేపు పట్టింది. అతను మొట్టమొదట తీసిన సుడి పాత నీళ్ళ ట్యాంకు లోపలి మెట్లది. ఆ ఫోటోలో అవి ఎడమకి తిరుగుతాయి. పక్క గోడ మీద 'జారుతుంది జాగ్రత్త' అని రాసి ఉంది. తిరగేసి వేస్తే అక్షరాలు కూడా తిరగబడతాయి కాబట్టి దాన్ని మార్చడానికి లేదు. కుడికి తిరిగినవి దాని పక్కన పెడితే నప్పలేదట. అందుకని కుడికి తిరిగిన ప్రతిదాన్నీ ఎడమకి తిప్పేశాడు.

"అన్నీ ఒకవైపే తిరిగితే చూడ్డానికి ప్రశాంతంగా ఉంటుందిరా," అన్నాడు.

"ఆకాశాన్ని కూడా తిప్పేశావా బాబాయ్?"

"ఆకాశాన్ని కూడా."

హాల్లో ఉన్నవాళ్ళందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఆ పక్క ఫోటో వైపు చూశాను. పెద్దోడి సుడి. ఎడమకి తిరిగి ఉంది.

చిన్నోడు కూడా అదే చూస్తున్నాడు. వాడి చెయ్యి మెల్లగా నడినెత్తి మీదికి పోయింది. పట్టీ ఊడిపోవడం, ఫోటో చూసి పోల్చుకోవడం, ఇదంతా పిల్లలిద్దరికీ చిన్నప్పుడు కథలా చెప్పి నవ్వించేదాన్ని.

"ఏమయ్యా, దీన్ని కూడా తిప్పావా?" అన్నాను.

"గుర్తులేదు వదినా. కుడిదైతే తిప్పే ఉంటాను. ఎడమదైతే తిప్పి ఉండను."

తలా తోకా ఉందా ఈ జవాబుకి? నాకు ఒళ్ళు మండిపోయింది. "ఆ ఫోటో చూసే పిల్లల్ని పోల్చుకున్నామని నీకు తెలియదూ?"

"తెలిసిందిలే వదినా, తర్వాత. కానీ నేను ఫోటోలు తిప్పడానికీ దానికీ ముడిపడుతుందని నాకు తట్టలేదు," అన్నాడు. అబద్ధం కాదు, అతను అలాంటి మనిషే. రెక్క పట్టుకుని స్టూడియోకి లాక్కెళ్ళాను. ఆ కంగారులో నా కళ్ళద్దాలు హాల్లోనే వదిలేశాను.

స్టూడియోలో రేకు డబ్బాలన్నీ కుమ్మరించి, వెతికి వెతికి చివరికి ఆ నెగెటివ్ ముక్క బయటికి తీశాడు. "ఇటు చూడు వదినా. దీనికి ఒకవైపు మెరుస్తుంది, ఒకవైపు మొద్దుగా ఉంటుంది. మెరిసేవైపు మనకేసి పెట్టుకుంటే బొమ్మ ఉన్నదున్నట్టు కనపడుతుంది. మొద్దువైపు నుంచి చూస్తే కుడి ఎడమవుతుంది." అంతవరకూ బాగానే చెప్పాడు. వెలుగుకెత్తి చూడ్డం మొదలెట్టేసరికి తికమకపడ్డాడు. "కుడి... కాదు కాదు, ఎడమ... ఉండు, ఇది నా కుడా, దాని కుడా?" కళ్ళద్దాల్లేక నాకేమో ఆ ముక్కలో నల్లటి మరక తప్ప ఇంకేం కనపడదు. ఫోటోలు దిగేవాళ్ళు కూర్చునే స్టూలు మీద, కిటికీకి వీపు పెట్టి కూలబడ్డాను. నా తల ప్రాణం తోకకొచ్చింది.

అప్పుడొచ్చాడు పెద్దోడు. చేతులకి వార్నిష్ వాసన, చొక్కా మీద రాగి పొడి. "చిన్నోడు ఫోన్ చేసి అంతా చెప్పాడు. ఇలా ఇవ్వు బాబాయ్," అన్నాడు.

వాడి కన్ను తప్పదు. ఒక్క కాయిల్ తప్పువైపు పడినా మోటారు మూలుగుతుందే గానీ సరిగ్గా తిరగదు. అలాంటి పని చేసే చెయ్యి వాడిది. నా ఎదురుగా నిలబడి ఆ ముక్కని వెలుగుకెత్తి చూశాడు. తర్వాత దాన్ని తిప్పి పట్టుకుని మళ్ళీ చూశాడు.

"ఎడమకే ఉందమ్మా. అంతా సరిగానే ఉంది," అన్నాడు.

మా మరిది "హమ్మయ్య!" అని గోడకి జారబడ్డాడు. "మిగతావన్నీ మళ్ళీ సరిగ్గా వేసేస్తాను వదినా. ఇదొక్కటీ సరిగానే ఉందిగా, దీన్ని ముట్టుకోను."

పెద్దోడు ఇంకా అలాగే ఎత్తి పట్టుకున్న ముక్క నా కళ్ళలోకి తళుక్కుమంది. మెరిసేవైపు నాకేసి ఉంది. అంటే వాడు చూసింది మొద్దువైపు నుంచి. మొద్దువైపు నుంచి ఎడమైతే అసలుది కుడి. కుడి సుడివాడు ముందు పుట్టాడు. కుడి సుడి చిన్నోడిది. గాలిలో వేలు తిప్పి చూసుకున్నాను, ఇటోసారి అటోసారి. ఎటు తిప్పినా అదే వచ్చింది.

వాడి వెంట షాపుకొచ్చాను. దారిలోనే వాడు చిన్నోడికి ఫోన్ చేసి ఎడమకేనని చెప్పేశాడు. వాడు బల్ల ముందు కూర్చుని సగంలో వదిలేసిన కాయిల్ అందుకున్నాడు.

"నువ్వు తిరగేసి పట్టుకున్నావురా," అన్నాను.

"తెలుసు."

"తెలిసే చెప్పావా అబద్ధం?"

"బుద్ధి తెలిసినప్పటినుంచీ వాడి చేత అన్నయ్యా అనిపించుకున్నానమ్మా. ఇప్పుడు నేను పోయి వాణ్ణి అన్నయ్యా అనాలా? నాకు నోరు తిరగదు," అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. "మరి నీ చదువు నాన్నా?" అన్నాను. వాడు తల వంచుకుని తీగ చుడుతూనే ఉన్నాడు. వంచిన తల మీద సుడి కనపడుతోంది. దాన్ని చూసే కదా వీణ్ణి ఇక్కడ కూర్చోబెట్టాను! ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు. మరిది మీదా, మెట్ల మీదా, తొట్టి నీళ్ళ మీదా? వీడికి అన్యాయం జరిగిందని అరవాలని ఉంది. అరిస్తే రెండోవాడేమైపోతాడోనని భయంగా ఉంది.

అంతలో చిన్నోడు పరుగులాంటి నడకతో వచ్చాడు. షాపు గడప దగ్గరే ఆగిపోయాడు, లోపలికి రాలేదు.

"ఎడమకేనని ఫోన్లో చెప్పాడు అన్నయ్య," అన్నాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "నువ్వు చూశావా అమ్మా? నీ కళ్ళతో నువ్వు చూశావా?"

కాయిల్ తిప్పుతున్న చెయ్యి ఆగింది. పెద్దోడు తలెత్తి నాకేసి చూశాడు. బతిమాలుతున్నట్టు చూశాడు.

"చూశాను," అన్నాను. "ఎడమకే. నువ్వు చిన్నాడివే."

అన్నాక కాసేపు నాకు ఏది ఎడమో ఏది కుడో నిజంగానే తెలియలేదు. అప్పుడు కనపడింది చిన్నోడి చేతిలో ఉన్నదేమిటో. నేను హాల్లో మర్చిపోయిన కళ్ళద్దాలు. అవి లేకుండా నాకు చేతిలో ఉన్న కాగితం కూడా ఆనదని వాడికి తెలుసు. వాడు కళ్ళద్దాలకేసి చూశాడు, నాకేసి చూశాడు, అన్నకేసి చూశాడు. కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత లోపలికొచ్చి కళ్ళద్దాలు నా ఒళ్ళో పెట్టి, బల్ల పక్కన నేల మీద కూర్చున్నాడు.

"ఆ తీగ చివర నన్ను పట్టుకోమంటావా అన్నయ్యా?" అన్నాడు.

పెద్దోడు తీగ అందించాడు. చిన్నోడు దాన్ని జాగ్రత్తగా పట్టుకుని చుట్టడం మొదలెట్టాడు.

"అటు కాదురా," అన్నాడు పెద్దోడు, "ఇటు."